ఒకే సంక్రాంతి... రెండు కురుక్షేత్రాలు

తెల్లారగట్ల మొదటి బస్సు టాపు మీంచి రేకుపెట్టెలు దిగుతున్నాయి. చలికి తలకి తువ్వాలు చుట్టుకున్న ఆపరేటరు ఒక్కో పెట్టెనీ చేత్తో తట్టి లెక్కపెట్టుకుంటున్నాడు. ఎన్ని దింపినా టాపు మీద ఇంకా ఉన్నాయి.

“ఇదేం సినిమా బాబూ, రెండు సినిమాల రీళ్లు పంపినట్టున్నారు!” అన్నాడు రిక్షావాడు.

“దగ్గర దగ్గర నాలుగ్గంటలంట. రామారావుగారు మూడు వేషాలేశారు. మరి అన్ని రీళ్లుండవూ?” అన్నాడు ఆపరేటరు.

అదే బస్సు మీంచి ఇంకో హాలు వాళ్ల పెట్టెలూ దిగాయి. వాటి కోసం ఇంకో రిక్షా కాచుకునుంది. రెండు రిక్షాలూ కొంతదూరం పక్కపక్కనే వెళ్లి, గడియార స్తంభం దగ్గర చెరో దారీ పట్టాయి. అప్పటికే రెండు దారుల్లోనూ జనం మొదలయ్యారు.

ఆ రోజు 1977 జనవరి 14, శుక్రవారం, సంక్రాంతి. ఒక రిక్షాలో వెళ్తున్నది నందమూరి తారక రామారావు ‘దానవీరశూరకర్ణ’. రెండో రిక్షాలో కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజు కలిసి నటించిన ‘కురుక్షేత్రం’. రెండింటిదీ ఒకే కథ, వ్యాసుడు చెప్పిన భారతం. ఒకే పండగ, ఒకే రోజు. తెలుగు సినిమా చరిత్రలో అంతటి ముఖాముఖి పోటీ అరుదు.

ఈ కథలోని సినిమాలు, తారలు, తేదీలు చరిత్రలో ఉన్నవే. రేకుపెట్టెలు దిగిన ఈ కోస్తా పట్నానికి, ఇక ముందు కనబడబోయే మావా అల్లుళ్లకి మాత్రం పేర్లు పెట్టలేదు. ఆ సంక్రాంతికి టికెట్టు కౌంటరు ముందు నిలబడ్డ వేలమంది తరఫున వాళ్లు మాట్లాడతారు.

మావా అల్లుళ్లు

మావయ్యకి యాభై దాటాయి. మాగాణి రైతు. కుర్రతనంలో పద్యనాటకాల పిచ్చి. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఎక్కడ ఆడినా ఎడ్లబండి కట్టుకుని పోయేవాడు. ఊళ్లల్లో ఆ నాటకాన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, ‘కురుక్షేత్రం నాటకం’ అనే అనేవాళ్లు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా రాగం తీస్తుంటే ‘వన్స్‌మోర్’ అని అరిచిన గొంతుల్లో మావయ్య గొంతూ ఉంది. ఆ నాటకాలు పలచబడ్డాక ఆయన రామారావు సినిమాలకి అలవాటుపడ్డాడు. 1957లో ‘మాయాబజార్’ చూసిన రోజు నుంచి ఆయనకి కృష్ణుడంటే రామారావే.

అల్లుడు కాలేజీ కుర్రాడు, అక్క కొడుకు. కృష్ణ అభిమాని. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైనప్పుడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం అది, కృష్ణకి నూరో సినిమా. చింతపల్లి కొండల్ని అంత వెడల్పుగా తెర మీద చూసినప్పటి నుంచి కుర్రాడికి చిన్న తెర ఆనడం లేదు.

“రేపు పండక్కి మీ రామారావుగారి సినిమాకి వస్తా మావయ్యా. ఎల్లుండి కనుమ నాడు మా కృష్ణ సినిమాకి నువ్వు రావాలి. మాటంటే మాటే,” అన్నాడు అల్లుడు భోగినాడే.

“వస్తాలేరా. భారతం ఎవరు చెప్పినా వింటాను నేను,” అన్నాడు మావయ్య.

ఒక్క గూటి మనుషులే

ఈ పోటీని పగగా చెప్పుకోవడం జనానికి అలవాటైపోయింది. అసలు సంగతి అంతకంటే లోతైనది. ఆ రెండు సినిమాల్లో ఉన్నవాళ్లంతా ఒక్క గూటి మనుషులే.

రామారావు, కృష్ణ కలిసి ‘స్త్రీ జన్మ’, ‘విచిత్ర కుటుంబం’ వంటి సినిమాల్లో నటించారు. 1973లో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా తీసిన ‘దేవుడు చేసిన మనుషులు’లో రామారావు, కృష్ణ పక్కపక్కన నిలబడ్డారు. అది ఘనంగా ఆడింది. మరుసటి ఏడాదే కృష్ణ అల్లూరి అయ్యారు. ఆ పాత్ర మీద రామారావుకూ ఎన్నాళ్ల నుంచో మనసుంది. అక్కణ్నుంచి ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. వయసులో రామారావు ఇరవయ్యేళ్లు పెద్ద. ఆయన వేషాలు చూస్తూ పెరిగి సినిమాల్లోకి వచ్చిన మనిషి కృష్ణ. బుర్రిపాలెం కుర్రాడు నిమ్మకూరు పెద్దాయనకి ఎదురుగా, అదీ ఆయన సొంత పొలంలాంటి పౌరాణికంలో నాగలి దింపడం చిన్న విషయం కాదు.

‘కురుక్షేత్రం’ దర్శకుడి పేరు వింటే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. కమలాకర కామేశ్వరరావు. రామారావుని బృహన్నలగా చూపించి ‘నర్తనశాల’ తీసిన చేయి ఆయనది. ‘పాండవ వనవాసం’లో రామారావుని భీముడిగా నిలబెట్టినదీ ఆయనే. ‘గుండమ్మ కథ’, ‘మహామంత్రి తిమ్మరుసు’ కూడా ఆయన తీసినవే. రామారావుకి పౌరాణిక కిరీటం తొడిగిన వాళ్లలో ఒకరైన ఆ పెద్దాయన ఇప్పుడు అవతలి రథం మీద సారథి. అదే ‘నర్తనశాల’లో అభిమన్యుడిగా కనిపించిన కుర్రాడు శోభన్‌బాబు. పద్నాలుగేళ్లు తిరిగేసరికి అదే దర్శకుడి చేతుల్లో శ్రీకృష్ణుడయ్యాడు.

ద్రోణుడి దగ్గర కలిసి విల్లు పట్టినవాళ్లే తర్వాత ఎదురెదురు నిలబడ్డారు భారతంలో. మన సినిమాలోనూ అదే జరిగింది.

నాచారంలో ఒక్కడే ముగ్గురు

నాచారం అప్పుడు హైదరాబాదు పొలిమేర. అక్కడ రామారావు కట్టుకున్న రామకృష్ణా స్టూడియోస్ అప్పటికి కొత్తది. తెలుగు సినిమా ఇంకా మద్రాసు నుంచి పూర్తిగా కదలని రోజులవి. ఆ కొత్త ఫ్లోర్లలో హస్తినాపురం సెట్లు లేచాయి.

రామారావుకి అప్పుడు యాభై మూడేళ్లు. నిర్మాత, దర్శకుడు, స్క్రీన్‌ప్లే రచయిత ఆయనే. తెర మీద దుర్యోధనుడు, కర్ణుడు, శ్రీకృష్ణుడూ ఆయనే. వాటిలో దుర్యోధనుడు, కృష్ణుడు ఆయనకి కొత్త కాదు. 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’లో కృష్ణుడు, సుయోధనుడు రెండూ తానే వేసి, దర్శకత్వమూ చేశారు. అంతకు రెండేళ్ల ముందు తమిళ ‘కర్ణన్’లో శివాజీ గణేశన్ కర్ణుడైతే ఆ కర్ణుడి చావుకి దారి వేసే కృష్ణుడిగా ఈయన నటించారు. కర్ణుడి బాధని అంత దగ్గర నుంచి చూసిన నటుడికి, ఆ బాధ తన నోటితో చెప్పాలనిపించకుండా ఉంటుందా?

మొదట్లో మూడు వేషాలూ తానే వేయాలనుకోలేదు. ఒక పాత్రకి అక్కినేని నాగేశ్వరరావుని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ భారం కూడా రామారావు భుజాల మీదే పడింది.

మూడు వేషాలంటే మూడు మేకప్పులు, మూడు కిరీటాలు, మూడు నడకలు. ఒకే ఫ్రేములో ఇద్దరు రామారావులు కనబడాలంటే ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. కెమెరాకి సగం మాస్కు కట్టి ఒక వేషంతో తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, వేషం మార్చుకుని వచ్చి మిగతా సగం తీయాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా షాటు పోయినట్టే. రాయబారం ఘట్టంలో కొలువు తీరిన దుర్యోధనుడూ, ఎదుట నిలిచిన కృష్ణుడూ ఒక్క మనిషే. ఒకరి అహంకారం, ఇంకొకరి చిరునవ్వు ఒకే ముఖం మీద పలకాలి. పైగా ఎదుటివాడి మాట వినబడదు, ఎదుట ఎవరూ ఉండరు గనక.

కొడుకుల్నీ రంగంలోకి దింపారు. హరికృష్ణ అర్జునుడు, పదహారేళ్ల బాలకృష్ణ అభిమన్యుడు. కర్ణవధ ఘట్టాన్ని ఒకసారి ఈ కంటితో చూడండి. బాణం వేసేది కన్నకొడుకు. ఆ కొడుకు రథం తోలే సారథి తండ్రే. రథచక్రం కుంగిపోయి ఒరిగిపోయేదీ ఆ తండ్రే. ఏ నాటకకర్తా ఊహించని పాత్రల పంపిణీ ఇది.

ఇతర నటుల కొరత ఎంతంటే చలపతిరావు ఒకటికి మించిన వేషాలు కట్టాల్సి వచ్చింది. ఇంద్రుడూ ఆయనే, జరాసంధుడూ ఆయనే. ధూళిపాళ శకుని, మిక్కిలినేని భీష్ముడు, శారద ద్రౌపది. 43 రోజుల్లో చిత్రీకరణ ముగించారన్నది పరిశ్రమలో ఈనాటికీ చెప్పుకునే మాట.

అయితే ఆ సినిమాకి అసలు ఆయుధం సెట్లూ కిరీటాలూ కావు, ఒక మాస్టారు. కొండవీటి వెంకటకవి. గుంటూరు జిల్లా విప్పర్లలో పుట్టిన పండితుడు, పొన్నూరు సంస్కృత కళాశాలలో పాఠం చెప్పినవాడు, హేతువాది. దేవుణ్ని నమ్మని పండితుడి చేత పౌరాణికానికి మాటలు రాయించాలన్న ఆలోచన రామారావుది. కులమేదని కర్ణుణ్ని నిలదీసిన అస్త్రవిద్యా ప్రదర్శనలో, పుట్టుకని బట్టి మనిషిని కొలుస్తారా అని దుర్యోధనుడు తిరగబడే ఘట్టం ఆ కలంలోంచి నిప్పులా వచ్చింది. సమాసాల బరువు తగ్గలేదు. కానీ ఆ బరువు వెనక ఉన్న ప్రశ్న బడి మొహం చూడనివాడికి కూడా అర్థమైంది.

రాజస్థాన్ ఇసుకలో మహా సైన్యం

అవతలి శిబిరం ఇంకో దారి పట్టింది. ఏ.ఎస్.ఆర్. ఆంజనేయులు నిర్మాత. కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. అప్పటికి ఆ ముగ్గురూ విడివిడిగా హాళ్లు నింపగల హీరోలు. శోభన్‌బాబు ‘సోగ్గాడు’ ఊపులో ఉన్నాడు. కృష్ణంరాజు ‘భక్త కన్నప్ప’తో ఏడాది ముందే జనం చేత కన్నీళ్లు పెట్టించాడు. ఆ ముగ్గుర్నీ ఒక్క సినిమాలోకి తేవడమే సాహసం.

కృష్ణ స్వభావం కొత్తదనం వైపే మొగ్గుతుంది. పౌరాణికమంటే రంగుల పరదా ముందు నిలబడి పద్యం పాడటం కాదు, యుద్ధాన్ని యుద్ధంలా చూపించాలన్నది ఆ బృందం పట్టుదల. అందుకని యుద్ధ ఘట్టాలకి రాజస్థాన్ వెళ్లారు. ఏనుగులు, గుర్రాలు, బారులు తీరిన జనంతో మైదానాలు నింపారు. ‘అల్లూరి’కి పనిచేసిన వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా పట్టారు. సినిమాస్కోప్ తెర నిండా రథాలు పరుగెత్తాయి. సాలూరి రాజేశ్వరరావు సంగీతం అందించారు.

ఇది డబ్బున్నవాళ్ల ఆడంబరం అనుకుంటే పొరపాటు. ఊళ్లో నాటకం చూసిన ప్రతి కుర్రాడూ ఒక్కసారైనా అనుకుని ఉంటాడు, పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం ఎలా ఉండేదో అని. నాటకాల వాళ్లు ఆ సైన్యాన్ని పద్యంలో వర్ణించి ఊరుకునేవాళ్లు. కృష్ణ బృందం దాన్ని కళ్లకి చూపించాలనుకుంది. ఆ కోరిక నిజమైనది. ఆ కష్టం గొప్పది.

ఒక శిబిరం మాటని నమ్ముకుంది. ఇంకో శిబిరం దృశ్యాన్ని నమ్ముకుంది. పోటీ అంతా ఇక్కడే ఉంది.

రెండు శిబిరాల్లోనూ గద పట్టినవాడు

ఈ రెండు సేనల మధ్యా అటూ ఇటూ తిరిగిన మనిషి ఒకడున్నాడు. కైకాల సత్యనారాయణ.

కృష్ణా జిల్లా కౌతరం నుంచి వచ్చిన సత్యనారాయణ 1959లో ‘సిపాయి కూతురు’తో తెరకెక్కాడు. ఆ సినిమా సరిగా ఆడలేదు. ఒడ్డూ పొడుగూ రామారావుని పోలి ఉండటంతో ఆయన ద్విపాత్రాభినయం చేసిన సినిమాల్లో డూపుగా నిలబడ్డాడు. రామారావు వీపుగా తెర మీద కనబడ్డ మనిషి క్రమంగా తన ముఖంతో తాను నిలబడ్డాడు. విలన్ అయ్యాడు, యముడయ్యాడు, మహా నటుడయ్యాడు.

1977 సంక్రాంతికి ఆయన పేరు రెండు పోస్టర్ల మీదా ఉంది. ‘దానవీరశూరకర్ణ’లో భీముడు. ‘కురుక్షేత్రం’లో దుర్యోధనుడు. నాచారంలో గద పట్టుకుని దుర్యోధనుడి తొడ విరగ్గొట్టాలి. అక్కడ ఆ దుర్యోధనుడు రామారావు. అవతలి సినిమాలో గద అదే, ఈసారి తొడ విరిగేది తనకి. ఒకే సంక్రాంతికి ఒక హాల్లో గెలిచి, ఇంకో హాల్లో నేల కూలిన నటుడు ఆయనొక్కడే.

అభిమానులు వీధుల్లో పోస్టర్ల మీద పేడ కొట్టుకున్న రోజుల్లో, రెండు సెట్లలోనూ అన్నం తిన్న మనిషి సత్యనారాయణ. నటులకి పోటీ పనిలో భాగం. పగ అభిమానులు కల్పించుకున్నది.

నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా

సంక్రాంతి మ్యాట్నీ. హాలు కిక్కిరిసింది. మావయ్య కుర్చీ టికెట్టు తీశాడు. అల్లుడు పక్కన ముభావంగా కూర్చున్నాడు.

దుర్యోధనుడు నిండు సభలో లేచి నిలబడి కర్ణుడి పక్షాన గొంతెత్తాడు. నేల టికెట్టు వైపు నుంచి మొదట చప్పట్లు, తర్వాత ఈలలు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఒక్క ముక్క జారిపోతుందేమోనని జనం ఊపిరి బిగబట్టారు. సినిమా హాల్లో నిశ్శబ్దం చప్పట్ల కంటే అరుదు.

మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. “ఇన్నేళ్లుగా నాటకం చూశాను గానీ అల్లుడూ, దుర్యోధనుడి వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదురా,” అన్నాడు.

భార్య భానుమతితో దుర్యోధనుడి యుగళగీతం వచ్చినప్పుడు మాత్రం మావయ్య కొంచెం ఇబ్బంది పడ్డాడు. పగతో రగిలే రారాజుకి పాటా? కానీ కవి సినారె రాసిన ఆ పాట ముగిసేసరికి హాలంతా తల ఊపుతోంది. దుర్యోధనుడు కూడా ప్రేమించగలిగిన మనిషేనని ఆ పాట ఒప్పించింది.

దాదాపు నాలుగు గంటలు గడిచాయి. బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. రాత్రి ఆటకి వరసలో నిలబడ్డవాళ్లు బయటికొచ్చేవాళ్ల ముఖాలు చూస్తున్నారు. సినిమా ఎలా ఉందో ముఖాలే చెబుతాయి.

మర్నాడు కనుమ. మావయ్య మాట నిలబెట్టుకున్నాడు. ‘కురుక్షేత్రం’ హాల్లో తెర పక్కకి జరిగి వెడల్పుగా తెరుచుకుంది. రథాలు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. ఏనుగులు కదిలాయి. అల్లుడు కుర్చీ అంచుకి వచ్చేశాడు. మావయ్యా కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు.

“ఎలా ఉంది మావయ్యా?”

“యుద్ధం అంటే ఇదీ అనిపించిందిరా. మా నాటకాలవాళ్లు చూస్తే ముక్కున వేలేసుకుంటారు. మీ కృష్ణది మొండి ధైర్యం, ఒప్పుకోవాల్సిందే.”

“మరి నిన్నటి సినిమా?”

మావయ్య జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఇంటికి నడిచే దారిలో అల్లుడు తనకి తెలియకుండానే ముందురోజు విన్న దుర్యోధనుడి మాటలు గొంతు మార్చి పలకడం మొదలుపెట్టాడు. సగం తప్పులు. మావయ్య ఒక్కో తప్పూ దిద్దుతూ నడిచాడు. అల్లుడు కృష్ణ అభిమాని కాకుండా పోలేదు, ఎప్పటికీ పోడు. కానీ గొంతు పార్టీ చూసుకోదు. బాగున్న మాటని అది పట్టేసుకుంటుంది.

లెక్క తేలింది

ఆ సంక్రాంతి గెలుపు ‘దానవీరశూరకర్ణ’ది. పది లక్షల స్థాయి ఖర్చుతో తీసిన సినిమా కోటి రూపాయల పైన వసూలు చేసిందని పరిశ్రమలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ నిడివి సినిమాతో రోజుకి పడే ఆటలు తగ్గుతాయి, ఆటలు తగ్గితే వసూలూ తగ్గాలి. ఆ లెక్కని జనం తిరగరాశారు. చూసినవాళ్లే మళ్లీ చూశారు. ముగ్గురు హీరోలు, సినిమాస్కోప్ తెర ఉండి కూడా ‘కురుక్షేత్రం’ దాని ముందు నిలవలేకపోయింది.

ఎందుకు? భారతం తెలుగువాడికి కొత్త కథ కాదు. ఎవరు చస్తారో, ఎవరు గెలుస్తారో చంటిపిల్లాడికీ తెలుసు. తెలిసిన కథకి మళ్లీ టికెట్టు కొనేది ‘ఏమవుతుంది’ అన్న ఆత్రంతో కాదు, ‘ఎలా చెబుతారు’ అన్న ఆశతో. ‘కురుక్షేత్రం’ తెలిసిన కథని పెద్దగా చూపింది. ‘దానవీరశూరకర్ణ’ తెలిసిన కథని తిప్పి అడిగింది. దుర్యోధనుడు దుష్టుడే అయితే, సూతపుత్రుడని అందరూ నవ్విన మనిషికి రాజ్యమిచ్చిన చేయి ఎవరిది అని అడిగింది. ఆ ప్రశ్న నాగలి పట్టినవాడికి, రిక్షా తొక్కేవాడికి, ఊరి చివరి వాడకట్టు నుంచి వచ్చి నేల మీద కూర్చున్నవాడికి సొంత ప్రశ్న అయింది.

ఇంకో కారణం చెవి. తరాల తరబడి పద్యం విని పెరిగిన చెవి మనది. రథాన్ని చూసి ఆనందించాక ఇంటికి తీసుకెళ్లలేం. మాటని తీసుకెళ్లగలం. తర్వాత్తర్వాత ‘దానవీరశూరకర్ణ’ సంభాషణలు రికార్డులుగా, క్యాసెట్లుగా వచ్చాయి. పెళ్లి పందిళ్లలో, తిరనాళ్లలో, హోటళ్ల ముందు మైకుల్లో మోగాయి. బొమ్మ లేకుండా మాట ఒక్కటే విని జనం ఆగి నిలబడిన సినిమా అది.

అలాగని ‘కురుక్షేత్రం’ కష్టం వృథా పోలేదు. తెలుగు సినిమా స్టూడియో గోడలు దాటి అంత పెద్ద సైన్యాన్ని మైదానంలో నడిపించగలదని ఆ సినిమా చూపించింది. ఈనాడు తెలుగు సినిమా యుద్ధాలని ప్రపంచం చూస్తోందంటే, ఆ బాటలో ముందు నడిచినవాళ్లలో ఓడిపోయిన ఆ బృందమూ ఉంది. గెలిచినవాణ్ని తలుచుకునేటప్పుడు వీళ్లనీ తలుచుకోవడం న్యాయం.

పద్దెనిమిది రోజుల తర్వాత కూడా

భారతంలో యుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది. ఈ పోటీ అంత తొందరగా ముగియలేదు.

ఆ పండగ సినిమాలు ఇంకా హాళ్లలో ఉండగానే, జనవరి 18న ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు. ఎమర్జెన్సీ నీడ తొలగడం మొదలైంది. ఆ ఏడాదే రామారావు ‘అడవి రాముడు’, ‘యమగోల’లతో కొత్త ఊపు అందుకున్నారు. కర్ణుడి సినిమాకి కాదన్న అక్కినేని అదే ఏడాది ‘చాణక్య చంద్రగుప్త’లో రామారావు దర్శకత్వంలో చాణక్యుడయ్యారు. నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తారలు జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు.

1982లో రామారావు తెలుగుదేశం స్థాపించారు. అదే ఏడాది రామారావు, కృష్ణ కలిసి నటించిన ‘వయ్యారి భామలు వగలమారి భర్తలు’ విడుదలైంది. తర్వాత కృష్ణ కాంగ్రెస్‌లో చేరి 1989లో ఏలూరు నుంచి లోక్‌సభకి గెలిచారు. 1996లో సత్యనారాయణ తెలుగుదేశం తరఫున మచిలీపట్నం నుంచి, 1998లో కృష్ణంరాజు బీజేపీ తరఫున కాకినాడ నుంచి గెలిచారు. వెండితెర మీద గదలు తిప్పినవాళ్లు నిజమైన సభలోనూ కూర్చున్నారు.

1996 జనవరి 18న, ఇంకో సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే రామారావు కన్నుమూశారు. 2008 మార్చిలో శోభన్‌బాబు వెళ్లిపోయారు. ఇక 2022 చివరి నెలలు. సెప్టెంబరు 11న కృష్ణంరాజు. నవంబరు 15న కృష్ణ. డిసెంబరు 23న సత్యనారాయణ. ఆ వెంటనే చలపతిరావు. ‘కురుక్షేత్రం’ కర్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు, నాచారంలో ఒక్కడే పలు వేషాలు కట్టిన సైనికుడు నాలుగు నెలల్లో వరసగా నిష్క్రమించారు.

పోస్టరు మీద అంకె

ఇప్పుడూ ప్రతి సంక్రాంతికీ పోటీ ఉంటుంది. సినిమా విడుదలైన మర్నాడే పోస్టరు మీద కోట్ల అంకె పడుతుంది. గ్రాస్ ఎంత, షేర్ ఎంత, మొదటి వారంలో ఎన్ని కోట్లు అని కుర్రాళ్లు వాదించుకుంటున్నారు, ఆ డబ్బు తమ జేబులోకి వచ్చినట్టు. నిర్మాతకి లెక్క కావాలి, ఎగ్జిబిటరుకి లెక్క కావాలి, తప్పులేదు. కానీ వసూళ్ల రికార్డుకి ఆయుష్షు తక్కువ. టికెట్టు ధర పెరిగిన కొద్దీ, తెరలు పెరిగిన కొద్దీ వచ్చే ఏడాది ఇంకొకరు దాన్ని దాటేస్తారు.

1977లో ‘దానవీరశూరకర్ణ’కి ఏ జిల్లాలో ఎంత వచ్చిందో ఈనాడు ఎవరికీ గుర్తులేదు. గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమూ లేదు. కానీ ఏ ఊరి తిరనాళ్లలోనైనా, ఏ కాలేజీ వార్షికోత్సవంలోనైనా ఒక కుర్రాడు అట్టకిరీటం పెట్టుకుని వేదికెక్కి దుర్యోధనుడి మాటలు మొదలుపెడితే, తర్వాతి ముక్క కింద కూర్చున్న జనమే అందిస్తారు. ఆ కుర్రాడు ఆ సినిమా విడుదలకి పాతికేళ్ల తర్వాత పుట్టినవాడు. దాదాపు యాభై ఏళ్లుగా ఈ రికార్డు ఎవరి పోస్టరు మీదా లేదు. ఇంతవరకు ఎవరూ దాన్ని దాటనూ లేదు.